ఎకరం కొబ్బరితోటలో ఎన్ని కారవాన్‌లు, ఎన్ని స్టార్లు?

కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే 1 నుంచి 5 స్టార్లు, ఆ పైన ఉండే 5 స్టార్ డీలక్స్ హోటళ్ల కోసం పెట్టినవి. ఆ శాఖ కమిటీ వచ్చి చూసి ఇచ్చే గుర్తింపు అయిదేళ్లు చెల్లుతుంది. గుడారాల వసతికి వర్గీకరణ వేరు, క్యాంపింగ్ స్థలాలకు ఆమోదం వేరు. కాబట్టి ఏ తోట గేటు మీదైనా ‘ఫైవ్ స్టార్ కారవాన్ క్యాంప్’ అని బోర్డు కనిపిస్తే, ఆ స్టార్లు ఎవరిచ్చారో ఒకసారి అడగండి. చాలాసార్లు పెయింటరే ఇచ్చి ఉంటాడు.

అలాంటప్పుడు కోనసీమలో తోట ఉన్నవాళ్లు ఈ స్టార్ల గొడవ ఇప్పుడెందుకు పట్టించుకోవాలి? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో కారవాన్ టూరిజం విధానం తెచ్చింది. 2029 నాటికి 150 కారవాన్‌లు, 25 కారవాన్ పార్కులు రావాలని లక్ష్యం పెట్టుకుంది. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. అమలాపురానికి రైలు ఇంకా రాలేదు, కోటిపల్లి-నరసాపురం లైను పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. కోనసీమకు వచ్చేవాడు రోడ్డు మీదే రావాలి. 216 నంబరు జాతీయ రహదారి మీద చించినాడ వంతెన దాటగానే దిండి. అక్కడ పర్యాటక సంస్థ రిసార్టు, హౌస్‌బోట్లు ఉన్నాయి. చక్రాల మీద ఇల్లు వేసుకుని వచ్చేవాడికి రాత్రి బండి ఆపుకునే చోటు కావాలి. రాజోలు, కొత్తపేట, అమలాపురం చుట్టుపక్కల తోటల యజమానులకు ఈ ఆలోచన రాకుండా ఉండదు.

కారవాన్ పార్కులకు స్టార్లు ఇచ్చే పద్ధతి విదేశాల్లో ఎప్పటి నుంచో ఉంది. ఇంగ్లండ్‌లో విజిట్ ఇంగ్లండ్, దక్షిణాఫ్రికాలో టూరిజం గ్రేడింగ్ కౌన్సిల్, ఫ్రాన్స్‌లో అతూ ఫ్రాన్స్ ఒకటి నుంచి అయిదు దాకా స్టార్లు ఇస్తాయి. ఫ్రాన్స్‌లో అయిదేళ్లకోసారి మళ్లీ తనిఖీ చేయించుకోవాలి. దేశాన్ని బట్టి వివరాలు మారినా వరస ఒకటే. ముందు తప్పనిసరి అంశాలు చూస్తారు, ఆ తర్వాతే మార్కులు. తప్పనిసరి జాబితాలో తప్పితే ఈత కొలను ఎంత నీలంగా ఉన్నా లాభం లేదు. ఆ కొలతలు తెచ్చి కోనసీమ తోటలో పెట్టి చూస్తే ఎకరంలో పదికి మించి బండ్లు పెట్టకూడదని నాకు తేలింది. ఎలా తేలిందో చెబుతాను.

వంద సెంట్లు ఎటు పోతాయి

ఎకరం అంటే 100 సెంట్లు, 4,047 చదరపు మీటర్లు. బ్రిటన్‌లో తిరిగే కారవాన్‌ల స్థలాలకు 1983లో ఇచ్చిన నమూనా ప్రమాణాల ప్రకారం ఎకరానికి 30 దాటకూడదు. కేరళ 2021లో ‘కారవాన్ కేరళ’ విధానం తెచ్చినప్పుడు పార్కుకు కనీసం 50 సెంట్లు, కనీసం 5 బండ్ల చోట్లు ఉండాలంది. ఆ కనీసాన్నే కొలతగా పట్టుకుంటే ఎకరానికి పది. ముప్పై, పది. ఈ రెంటి మధ్య మన తోట ఎక్కడ నిలుస్తుంది?

తోట చదరంగా ఉందనుకుందాం. ఒక్కో పక్క 63.6 మీటర్లు. సరిహద్దు నుంచి 3 మీటర్లు వదలాలని బ్రిటన్ ప్రమాణం. చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే పోయేది 727 చదరపు మీటర్లు, అంటే 18 సెంట్లు. ‘కంచె పక్కన మూడు మీటర్లేగా’ అనుకున్నది ఎకరంలో అయిదో వంతుకు దగ్గరగా మింగేసింది. లోపల దారి 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, ఒకవైపే నడిచే దారైతే 3 చాలు. 150 మీటర్ల చుట్టు దారి వేస్తే మరో 14 సెంట్లు. బాత్రూములు, ఆఫీసు, నీళ్ల ట్యాంకు, జనరేటర్, చెత్త వేసే చోటు అన్నీ కలిపి 10 సెంట్లు అనుకుందాం. మిగిలింది 58 సెంట్లు.

బండికీ బండికీ మధ్య 6 మీటర్లు ఉండాలి. ఇది దర్జా కోసం పెట్టిన దూరం కాదు. ఒక బండి అంటుకుంటే ఆ వేడికి పక్క బండి అంటుకోకుండా లెక్క వేసింది. 7 మీటర్ల పొడవు, 2.3 మీటర్ల వెడల్పు ఉన్న బండికి ఈ దూరం కలిపితే ఒక్కో చోటుకు 13 × 8.3, అంటే 108 చదరపు మీటర్లు. 58 సెంట్లలో కాగితం మీద 21 బండ్లు పడతాయి.

అయితే ఆ కాగితం మీద చెట్లు లేవు.

తల మీద కాయ

కొబ్బరిని 7.5 మీటర్ల ఎడంతో నాటాలని శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ లెక్కన ఎకరానికి 71 చెట్లు. పాత తోటల్లో అంత క్రమం ఉండదు కాబట్టి 65 అనుకుందాం. మట్ట పొడవు అయిదు మీటర్ల దాకా ఉంటుంది. అంటే నిండు తోటలో ఏ చెట్టు కిందా కాని చోటు అంటూ దాదాపు ఉండదు. యాత్రికుడికి ముచ్చటైన ఆ నీడే తనిఖీకి వచ్చినవాడికి మొదటి అభ్యంతరం.

15 మీటర్ల ఎత్తు నుంచి రాలిన కాయ నేలను తాకేటప్పటికి గంటకు 60 కిలోమీటర్లకు పైబడిన వేగంతో ఉంటుంది. ఒలవని కాయ కిలోకు పైనే తూగుతుంది. అది కారవాన్ కప్పు మీది సోలార్ పలక మీద పడితే పలక పగులుతుంది, గుడారంలో పడుకున్న మనిషి మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాయ ఒక్కటే కాదు. కొబ్బరిచెట్టు నెలకు ఇంచుమించు ఒక మట్ట రాలుస్తుంది. 65 చెట్లకు ఏడాదికి 780 మట్టలు, రోజుకు రెండు. వాటిని ఎత్తి, కుప్ప వేసి, పంపించడం ఒక మనిషికి రోజూ ఉండే పని. తోటలో పుట్టి పెరిగినవాళ్లం మట్ట పడిన చప్పుడుకు తల కూడా తిప్పం. హైదరాబాద్ నుంచి పిల్లలతో వచ్చినవాళ్లు ఆ రాత్రి మళ్లీ నిద్రపోరు.

చెట్లు కొట్టేద్దామంటే ఇక కోనసీమకు రావడం ఎందుకు? తోటలో ఎప్పుడూ కొన్ని ఖాళీలు ఉంటాయి. తుఫానుకు పడిపోయినవి, పీకేసినవి, మళ్లీ నాటనివి. 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను కోనసీమ తోటల్ని ఎలా పడగొట్టిందో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. బండి చోట్లు ఆ ఖాళీల్లో గీయాలి. ఖాళీ అంచున ఉన్న చెట్లకు దింపు తప్పకూడదు. కొబ్బరికి 45 నుంచి 60 రోజులకోసారి దింపు తీస్తారు. బండ్ల పక్క చెట్లకు 45 రోజులే పెట్టుకుని, కాయతో పాటు ఎండు మట్ట, పీచు కూడా దింపించి, తారీకు ఒక పుస్తకంలో రాయండి. గ్రేడింగ్ చేసేవాడు మాట నమ్మడు, పుస్తకం నమ్ముతాడు. దింపు కార్మికులు దొరకడమే కష్టంగా ఉన్న రోజులు కాబట్టి ఏడాదికి ముందే ఒప్పందం చేసుకోవడం మంచిది.

ఇలా ఖాళీలు వెతుక్కుంటూ పోతే 21 కాస్తా 10కి దిగుతుంది. కేరళ కనీస కొలతా, మన చెట్ల ఖాళీలూ ఒకే అంకె దగ్గర కలిశాయి. డబ్బు లెక్క కూడా చూద్దాం. ఇవి ఊహించిన ధరలు. రాత్రికి చోటుకు రూ.1,500, ఏడాదిలో 30 శాతం రాత్రులు నిండితే 10 చోట్లకు 1,095 రాత్రులు, రూ.16.4 లక్షలు. అదే ఎకరంలో 65 చెట్లు, చెట్టుకు 80 కాయలు, కాయ రూ.15 అనుకుంటే రూ.78 వేలు. రెండూ ఖర్చులు తీయని లెక్కలే. ఈ తేడా చూశాక సంక్రాంతికి పదిలో పాతిక బండ్లు కుక్కాలనిపిస్తుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, శనివారాలు వాడపల్లి. జనానికి లోటు లేదు. కానీ పాతిక బండ్లు పెట్టిన ఆ మూడు రోజులే ఫొటోలూ రివ్యూలూ వస్తాయి. తక్కిన 362 రోజుల శుభ్రం ఎవరికీ కనబడదు.

నీళ్లు వచ్చే దారి, పోయే దారి

జాతీయ భవన నిర్మాణ నియమావళి బస చేసే హోటల్‌కు మంచానికి రోజుకు 180 లీటర్లు లెక్క కడుతుంది. 10 బండ్లు, బండికి ముగ్గురు, 30 మందికి 5,400 లీటర్లు. ఆరుగురు పనివాళ్లకు మనిషికి 45 చొప్పున 270. మొత్తం రోజుకు 5,700 దగ్గర. రెండు రోజుల నిల్వ కావాలంటే 12,000 లీటర్ల ట్యాంకు. సముద్రం వైపు, సఖినేటిపల్లి, మలికిపురం మండలాల్లో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. కాలువ నీళ్లు వేసవిలో కట్టేస్తారు. అందుకే రెండు రోజుల నిల్వ దుబారా కాదు.

వాడిన నీళ్లలో 80 శాతం బయటికి పోతుందనుకుంటే రోజుకు 4,500 లీటర్లు. ఇంకుడు గుంత తవ్వి వదిలేద్దామంటే కోనసీమ నేల ఒప్పుకోదు. వానాకాలంలో గడ్డపార దిగిన చోటల్లా ఊట. ఇంకాల్సిన గుంతలోకి కింది నుంచే నీరు ఎక్కుతుంది, మురుగు పక్కింటి బావికి చేరుతుంది. నేల మీదికి ఎత్తి కట్టిన తొట్టెల్లో కంకర పోసి, మెట్ట తామర, రెల్లు జాతి మొక్కలు పెంచి, సెప్టిక్ ట్యాంకు దాటిన నీటిని వాటి గుండా పంపడం ఇక్కడ నప్పే పద్ధతి. కారవాన్‌లలో చాలా వాటికి సూట్‌కేసులా బయటికి లాగే మరుగుదొడ్డి పెట్టె ఉంటుంది, 17 నుంచి 20 లీటర్లు పడుతుంది. అందులో రసాయనం పోస్తారు. దాన్ని నేరుగా మామూలు సెప్టిక్ ట్యాంకులో ఒంపితే మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. దానికి వేరే గది, పక్కనే చేతులు కడుక్కునే కుళాయి, కడిగే గొట్టం ఉండాలి. తాగునీటి కుళాయి అక్కడికి ఆమడ దూరంలో ఉండాలి. విదేశీ తనిఖీదారులు ముందు వెతికేది ఈ మూలనే.

బాత్రూముల సంఖ్యకు బ్రిటన్ కనీసం తక్కువే. 30 బండ్లకు మగవాళ్లకు ఒక మరుగుదొడ్డి, ఒక యూరినల్, ఆడవాళ్లకు రెండు. అది 1983 నాటి కనీసం. మన ఆడవాళ్లు వరస కట్టి నిలబడే పరిస్థితి రాకూడదంటే 10 చోట్లకే రెండేసి, చక్రాల కుర్చీ తిరిగేలా ఒకటి కట్టండి. ఆ గదికి తలుపు 90 సెంటీమీటర్లు, లోపల 1.5 మీటర్ల వృత్తం ఖాళీ. ర్యాంపు ఒకటికి పన్నెండు. వరద భయానికి మనం అరుగు ఎత్తుగా కడతాం కదా, అరుగు మీటరు ఎత్తుంటే ర్యాంపు 12 మీటర్లు పోతుంది. ఈ సంగతి పునాది వేశాక గుర్తుకొస్తే ర్యాంపు నిచ్చెనలా తయారవుతుంది.

స్నానాల గదిని కొంచెం నిదానంగా చూడాలి. గచ్చుకు అడుగుకు పావు అంగుళం వాటం ఉందా? ఒక బకెట్ నీళ్లు ఒంపి పది నిమిషాలు ఆగండి. మూలన నీళ్లు నిలిచాయంటే మేస్త్రీని మళ్లీ పిలవాల్సిందే. తలుపు వెనక కొక్కేలు ఎన్ని? ఒకటుంటే తువ్వాలు పడుతుంది, పొడి బట్టలు ఎక్కడ పెట్టుకోవాలి? రెండో కొక్కెం, తడవని చెక్క అర, చెప్పులు విడిచే పొడి గట్టు, ఫోన్ పెట్టుకునే గూడు. అన్నీ కలిపి వెయ్యి రూపాయల సామాను. రెండు స్టార్లకూ నాలుగు స్టార్లకూ ఉన్న దూరంలో సగం ఈ గదిలోనే తేలిపోతుందని నా అభిప్రాయం. తోట ముఖద్వారానికి ఏనుగు బొమ్మలు పెట్టించి, ఇక్కడ తలుపుకు గడియ లేకుండా వదిలేసేవాళ్లను మనం చూడలేదా?

బయటికి వస్తే కొబ్బరి చిప్పల కుప్ప. వాన పడితే ప్రతి చిప్పలో గుక్కెడు నీరు, అందులో దోమ పిల్లలు. డెంగీ దోమకు ఇంతకు మించిన ఊయల దొరకదు. చిప్పలు బోర్లించి, వారం దాటకుండా పంపించేయాలి.

కరెంటు స్తంభం

ఒక్కో బండికి 16 ఆంపియర్ల సాకెట్. 230 వోల్టుల మీద 3.68 కిలోవాట్లు. ఏసీ, ఇండక్షన్ పొయ్యి, గీజరు ఒకేసారి వేస్తే ఫ్యూజు ఎగురుతుంది. అతిథికి ఈ మాట ముందే చెప్పి, కాగితం ఇవ్వాలి. పదింటికి 36.8 కిలోవాట్లు. మే నెలలో అందరూ ఏసీలు వేస్తారు కాబట్టి 80 శాతం ఒకేసారి నడుస్తుందనుకుంటే 29 దాటుతుంది. మోటారు, లైట్లు, వంటగది కలిపితే ఈపీడీసీఎల్ వారిని 40 కిలోవాట్ల లోడు అడగాలి.

అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం ప్రకారం ప్రతి సాకెట్‌కూ విడిగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి కట్ అయ్యే ఆర్‌సీసీబీ ఉండాలి. ‘మెయిన్‌లో ఒకటుంది’ అంటే కుదరదు. ఒక బండిలో లోపం వస్తే పది బండ్లూ చీకట్లో కూర్చోవాలి. సాకెట్ నేల నుంచి అర మీటరుకు పైన, మీటరున్నరకు లోపు ఉండాలి. వరద ముప్పు ఉన్న చోట మీటరున్నర దాటించవచ్చని ఆ ప్రమాణమే సడలింపు ఇస్తుంది. రాసినవాళ్లు కోనసీమ చూసి ఉండరు, కానీ ఆ వాక్యం మన లంకల కోసమే రాసినట్టు ఉంటుంది. సముద్రం దగ్గరైతే ఉప్పుగాలికి ఇనప పెట్టెలు తుప్పు పడతాయి, ప్లాస్టిక్ పెట్టెలు వాడండి.

ఏరు వచ్చిన రోజు

ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షలు వచ్చాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటాయి. పైన భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు ఇస్తారు, ఆ ఏడాది అక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటింది. తుఫాన్ల సంగతి సరేసరి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గరే తీరం దాటింది.

కారవాన్‌కు చక్రాలున్నాయి, అదే దాని అదృష్టం. కానీ గేటు ఒకటే ఉండి, దారి కాలువగట్టు మీద ఒక్క బండి పట్టేలా ఉంటే, బండికి మూడు నిమిషాలు వేసుకున్నా పదికి అరగంట. పాతిక బండ్లుంటే గంటంబావు, అదీ వానలో, చీకట్లో, లాగుడు బండి ఒకటి బురదలో దిగబడకపోతే. గేటు వెడల్పు 3.1 మీటర్లు, పైన 3.7 మీటర్ల ఎత్తు ఖాళీ ఉండాలి. మన తోటల గేట్ల మీద కట్టే ఆర్చీలు చాలావాటికి ఆ ఎత్తు ఉండదు. మొదటి హెచ్చరిక రాగానే లంకలోని బండ్లు ఏటిగట్టు దాటించాలి, రెండో హెచ్చరిక దాకా ఆగకూడదు. ఈ నియమం తెలుగులో, ఇంగ్లీషులో రాసి ప్రతి స్తంభం మీదా అంటించండి.

నిప్పు సంగతి క్లుప్తంగా. ఏ బండీ అగ్నిమాపక సామగ్రికి 30 మీటర్లకు మించిన దూరంలో ఉండకూడదు. కొబ్బరాకు పాక చూడ్డానికి బావుంటుంది, దాని పక్కన గ్యాస్ సిలిండరు పెట్టొద్దు. మామిడికుదురు మండలం నగరంలో 2014 జూన్ 27న గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. స్థలం కొనేముందు పైపులైను ఎటు పోతోందో కనుక్కోవడం కోనసీమలో దస్తావేజు చూడటం అంత ముఖ్యం.

అనుమతుల్లో ఒక్క దాని దగ్గరే ఆగుతాను. బండి నిలపడం కట్టడం కాదు, బాత్రూములూ సెప్టిక్ ట్యాంకూ కట్టడాలే. 2011 తీర నియంత్రణ ప్రకటన గ్రామాల్లో సముద్రపు పోటు గీత నుంచి 200 మీటర్లలోపు కొత్త కట్టడాలు వద్దంది. పోటు నీరు ఎక్కే పాయల వెంట 100 మీటర్లు లేదా పాయ వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019 ప్రకటన పాయల వెంట దాన్ని 50కి తగ్గించింది. సముద్రం వైపు కూడా చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్న గ్రామాలకు 50 మీటర్లు చాలంది, మిగతావాటికి 200 అలాగే ఉంచింది. వశిష్ఠ గోదావరి ఒడ్డున దిండిలోనో, ఓడలరేవు తీరంలోనో స్థలం చూస్తున్నవాళ్లు ఏ ప్రకటన, ఏ పటం తమ సర్వే నంబరుకు వర్తిస్తుందో కోస్తా నియంత్రణ అధికారుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లో అధికారులకు తెలియజేయాలి, తిండి వండి పెడితే ఆహార భద్రత లైసెన్సు ఉండాలి. ఇవి లేకపోతే స్టార్ల మాట అటుంచి తాళం పడుతుంది.

మొదటి ఏడాది అయిదు చోట్లతో, యాభై సెంట్లలో మొదలుపెట్టండి. దింపు పుస్తకం, నీటి పరీక్ష కాగితాలు, ఆర్‌సీసీబీ నెలనెలా నొక్కి చూసిన తారీకులు ఒక ఫైలులో పెట్టండి. ఇంకా ముందు చేయాల్సింది ఒకటుంది. 1986లోనూ 2022లోనూ మీ తోటలో నీరు ఎక్కడిదాకా ఎక్కిందో చూసినవాళ్లను పిలిచి, చెట్ల మీద సున్నంతో గీత గీయించండి. ఆ గీతకు దిగువన ఒక్క సాకెట్ కూడా బిగించకండి.